జింకు రేకు మీద నిజాంపూర్

లక్ష్మాగౌడ్ పేరు వినగానే బొమ్మలు చూసే అలవాటున్న తెలుగువారికి ముందుగా మేక గుర్తుకొస్తుంది. దాని వెనుకే తలపాగా చుట్టిన మగవాడు, పెద్ద కళ్లతో సూటిగా చూసే ఆడమనిషి, మెలికలు తిరిగిన చెట్టు, ఒక గుడిసె. తెలంగాణ పల్లెను గీసిన కళాకారుడన్న ముద్ర ఆయనకు ఏనాడో పడిపోయింది. ఆ ముద్రలో అబద్ధమేమీ లేదు గానీ, అది ఒక ముఖ్యమైన సంగతిని మరుగుపరుస్తోంది. ఆ మేకలు చాలావరకు హైదరాబాదులో పుట్టినవే. వాటికి ఆధారమైన జింకు రేకు, ఆమ్లం, అచ్చు యంత్రం నగరపు సరుకులు. నెలనెలా జీతమిచ్చిన కొలువు నగరంలోది. ఆ బొమ్మలను గోడకు తగిలించి చూసినవారు, కొన్నవారు నగరవాసులు. ఊరు వదిలి వచ్చి, నగరంలో స్థిరపడి, ఊరిని తలచుకోకుండా ఉండలేని మనిషికి కనిపించే పల్లె అది. లక్ష్మాగౌడ్‌ను నగర చిత్రకారుడిగా చదివితే ఆయన గీత ఎందుకంత పదునుగా ఉంటుందో, ఆ శృంగారం ఎందుకంత బాహాటంగా ఉంటుందో తెలిసివస్తుంది.

ఆయన పూర్తి పేరు కలాల్ లక్ష్మాగౌడ్. 1940 ఆగస్టు 21న అప్పటి మెదక్ జిల్లాలోని నిజాంపూర్‌లో పుట్టారు. కలాల్ అన్న ఇంటి పేరే కల్లు, సారా వృత్తిని చెబుతుంది. ఆయనకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. పదహారేళ్లకు ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తరం తెలంగాణ పిల్లలకు చదువు కోసం హైదరాబాదు బస్సెక్కడమంటే ఒక లోకం నుంచి మరో లోకంలోకి దిగడమే. వారిలో బొమ్మలు నేర్చుకోవడానికి దిగినవారు బహు కొద్దిమంది.

ఆయన చేరిన ప్రభుత్వ లలిత కళల, వాస్తు కళాశాల ఇప్పుడు మాసబ్ ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట విశ్వవిద్యాలయంగా ఎదిగింది. నిజాం కాలంలో మొదలైన ఆ చదువుకు రెండు ముఖాలుండేవి. అజంతా గుహల చిత్రాలను ఏళ్ల తరబడి శ్రద్ధగా నకలు తీసిన ఖాన్ బహదూర్ సయ్యద్ అహ్మద్ లాంటివారి ఒరవడి ఒకటి. యూరపు పద్ధతిలో రూపచిత్రాలు, ప్రకృతి దృశ్యాలు నేర్పే ఒరవడి రెండోది. బడి బయట నగరం మరికొంత నేర్పేది. 1951లో దివాన్ దేవిడీలో తలుపులు తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం ఉండేది. శాంతినికేతన్‌లో చదివి వచ్చి, దక్కనీ చిత్రాలను ఒక్కొక్కటిగా వెతికి కూడబెడుతున్న జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు ఉండేవారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి పేరు తెచ్చుకున్న పి.టి. రెడ్డి నారాయణగూడలో ఉండి నూనె రంగులతో పాటు అచ్చు చిత్రాలూ వేసేవారు. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి తెలంగాణ మాటతీరును కథల్లోకి తెచ్చిన రచయిత్రి. ఒకే ఇంట్లో ఒకరు ఆధునిక చిత్రకళను హైదరాబాదుకు అలవాటు చేస్తుంటే, మరొకరు పల్లె పలుకును అచ్చు పుస్తకానికి అలవాటు చేస్తున్నారు. లక్ష్మాగౌడ్ తరానికి దొరికిన నేల అది.

1963లో ఇక్కడ డిప్లొమా ముగించుకుని ఆయన బరోడా వెళ్లారు. ఎం.ఎస్. విశ్వవిద్యాలయపు లలిత కళల విభాగం అప్పటికి పదమూడేళ్ల పిల్ల. కె.జి. సుబ్రమణ్యన్ అక్కడ గురువు. కుండ చేసేవాడు, బొమ్మలు చెక్కేవాడు, బట్ట మీద అద్దకం వేసేవాడు కళాకారుడికి తోబుట్టువులన్నది ఆయన నమ్మకం. మట్టి పలకలు కాల్చి గోడంత చిత్రం కూర్చగలిగిన మనిషి, చేతిలో ఇమిడే ఆటబొమ్మను కూడా అంతే మనసు పెట్టి చేసేవారు. లక్ష్మాగౌడ్ ఆయన దగ్గర కుడ్యచిత్రం చదివారు, రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ పట్టుకున్నారు. హైదరాబాదు బడిలో పల్లె అంటే ఎద్దులబండి, పొద్దుగుంకే ఆకాశం. బరోడాలో పల్లె అంటే పని చేసే చేయి. ఈ తేడా ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. చదువు ముగించి తిరిగి వచ్చిన కుర్రవాడికి సొంత ఊరే కొత్తగా కనిపించింది. గీయవలసిన వస్తువు దొరికింది. ఇక దానికి తగిన పనిముట్టు ఎచింగ్.

ఎచింగ్ అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి చెప్పడానికి పాత పత్రికాఫీసును గుర్తు చేస్తే చాలు. సీసపు అక్షరాలతో పేజీ కూర్చిన రోజుల్లో బొమ్మ వేయాలంటే బ్లాకు చేయించేవారు. జింకు రేకు మీద బొమ్మ గీతలు మిగిలేలా చుట్టూ ఉన్న లోహాన్ని ఆమ్లం తినేసేది. ఉబ్బెత్తుగా నిలిచిన గీతకు సిరా అంటుకుని కాగితం మీద పడేది. ఎచింగ్‌కూ అదే జింకు, అదే నైట్రిక్ ఆమ్లం. పద్ధతి మాత్రం తలకిందులు. ఇక్కడ ఆమ్లం తినేది గీతనే. సిరా నిలిచేది ఆ గోతిలోనే.

పని నిదానంగా సాగుతుంది. ముందు రేకును జిడ్డు లేకుండా సుద్దతో రుద్ది కడగాలి. వేలిముద్ర పడినా అక్కడ పూత నిలవదు. తర్వాత మైనం, తారు, గుగ్గిలం కలిసిన నల్లటి పూతను వేడి రేకు మీద పలచగా పరుస్తారు. ఆరాక ఉక్కు సూదితో దాని మీద గీస్తారు. సూది లోహాన్ని కోయదు, పూతను తొలగిస్తుందంతే. నల్లటి నేల మీద జింకు వెండిలా మెరుస్తూ గీత వెంట బయటపడుతుంది. కలం కాగితం మీద జారే హాయి ఈ సూదికీ ఉంటుంది కాబట్టి, మంచి రేఖాకారుడు ఎచింగ్‌ను చూసి భయపడడు. రేకును ఆమ్లంలో దించగానే గీతల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో నెమ్మదిగా తుడవాలి, లేకపోతే బుడగ కూర్చున్న చోట లోహం సమంగా తినదు. కొద్దిసేపట్లో తీస్తే వెంట్రుకవాసి గీత. ఇంకొంతసేపు ఉంచితే లోతైన నలుపు. లేత గీతలు కావలసిన చోట వార్నిష్ పూసి కప్పేసి, మిగతావాటిని మళ్లీ ఆమ్లంలో దించుతారు. ఒకే రేకులో పది రకాల నలుపులు వచ్చేది ఇలాగే.

గీత ఒక్కటే సరిపోని చోట ఆక్వాటింట్ ఉంది. గుగ్గిలం పొడిని రేకు మీద సన్నటి దుమ్ములా రాలనిచ్చి, కింద నుంచి వేడి చేస్తే ఒక్కో రేణువు కరిగి అతుక్కుంటుంది. రేణువుల సందుల్లో ఆమ్లం తింటుంది. అచ్చు తీస్తే అక్కడ గీతకు బదులు మసక, పొగ, సాయంకాలపు నీడ లాంటి బూడిద రంగు వస్తుంది. చివరికి రేకంతా సిరా పట్టించి, గంజి పెట్టిన పలచటి గుడ్డతో, ఆపైన అరచేత్తో తుడుస్తారు. పైపై సిరా పోతుంది, గోతుల్లోది మిగులుతుంది. తడిపిన మందపాటి కాగితం పరచి, ఉన్ని దుప్పట్లు కప్పి, రోలర్ల మధ్య నుంచి నడిపిస్తే కాగితం ఆ గోతుల్లోకి దిగి సిరాను లాక్కుంటుంది. బొమ్మ కుడిఎడమలు మారి వస్తుంది. రేకు మీద ఎడమకు తిరిగిన మేక కాగితం మీద కుడికి చూస్తుంది.

1960ల చివర, 1970లలో లక్ష్మాగౌడ్ చేసిన నలుపు తెలుపు ఎచింగ్‌లు ఈ మాధ్యమంలో ఉన్న శక్తినంతా వాడుకున్నాయి. సన్నటి గీతలు వేలకొద్దీ పక్కపక్కన చేరి చర్మమవుతాయి, చెట్టు బెరడవుతాయి, నేత చీరవుతాయి, మేక బొచ్చవుతాయి. ఒక్కోసారి ఏది ఎక్కడ ముగిసిందో కంటికి అందదు. వేరు తొడలా ఉంటుంది, తొడ వేరులా ఉంటుంది. స్త్రీ పురుషుల కలయిక దాపరికం లేకుండా కనిపిస్తుంది. జంతువులోని పశుబలం మనిషిలోకి, మనిషిలోని కోరిక చెట్టులోకి పాకుతాయి. పాల్ క్లీ లాంటి యూరపు రేఖాకారుల ఛాయలు విమర్శకులు చూపిస్తారు. అవి ఉన్న మాట నిజమే. కానీ ఆ ముఖాలు, ఆ తలపాగాలు, ఆ నగలు మెదక్ జిల్లావి.

ఈ శృంగారం గురించి మాట్లాడేటప్పుడు తెలుగు రచనల్లో రెండు రకాల మొహమాటం కనిపిస్తుంది. కొందరు దాన్ని దాటవేసి గ్రామీణ సౌందర్యం అని సరిపెడతారు. కొందరు కోణార్క, ఖజురాహో పేర్లు చెప్పి గౌరవం సంపాదించి పెడతారు. రెండూ అనవసరం. పల్లెలో కామం మాటల్లో, సామెతల్లో, తిట్లలో, పెళ్లి పాటల్లో పట్టపగలు తిరుగుతుంది. మేకలను జతకట్టించడం పిల్లల కళ్లముందే జరిగే వ్యవసాయపు పని. అదే పిల్లవాడు నగరానికి వచ్చి చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలో మసలితే ఆ మాటలన్నీ మింగేయాలి. మింగిన మాట ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. లక్ష్మాగౌడ్ బొమ్మల్లోని తెగువకు మూలం ఈ ఒరిపిడిలో ఉంది. ఊళ్లోనే ఉండి ఉంటే అది రోజువారీ సంగతి, గీయాలని తోచేది కూడా కాదేమో. నగరపు మౌనం మీద గీసిన గీత కాబట్టే అది అంతగా కోసుకుపోయింది.

ఈ మాట తేలికగా అనలేదు. పక్కన పెట్టి చూడడానికి కాపు రాజయ్య ఉన్నారు. 1925లో పుట్టి 2012లో కన్నుమూసిన ఆయన దాదాపు జీవితమంతా సిద్దిపేటలో గడిపారు. బతుకమ్మలు, బోనాలు, పొలం పనులు ఆయన చిత్రాల్లో నిండుగా ఉంటాయి. బట్ట మీద కథ చెప్పే నకాషీ పటాల వరుస, చదునైన రంగు, పండుగ కళ ఉంటాయి. ఆ పల్లె తనలో తాను హాయిగా ఉన్న పల్లె. చూసేవాడిని ఇబ్బంది పెట్టదు. లక్ష్మాగౌడ్ పల్లె నిద్రపోనివ్వదు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. ఊరి లోపలి చూపుకూ, ఊరు దాటిన చూపుకూ ఉన్న తేడా ఇద్దరినీ వరుసగా చూస్తే కళ్లకు కడుతుంది. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి, అదే హైదరాబాదు కళాశాలలో చదివి, అదే బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గరే నేర్చుకున్న తోట వైకుంఠం మూడో దారి పట్టారు. ఎర్రటి బొట్టు, పచ్చటి చీర, నిండైన నలుపు ఒంటి స్త్రీలతో ఆయన పల్లెను రంగుగా మార్చారు. ఆ బొమ్మలు గుర్తుండిపోతాయి, ఇళ్లకు చేరువవుతాయి. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు అంత త్వరగా చేరువ కావు.

జీవిక సంగతి కూడా నగరపు సంగతే. ఆ రోజుల్లో ప్రింట్లు అమ్మి ఇల్లు నడపడం కలలో మాట. లక్ష్మాగౌడ్ హైదరాబాదు దూరదర్శన్‌లో గ్రాఫిక్ కళాకారుడిగా పనిచేశారు. కార్యక్రమం పేరు, పటం, బొమ్మ, అన్నీ అట్టల మీద చేత్తో రాసి కెమెరా ముందు నిలబెట్టిన కాలమది. తెర మీద రంగులు లేవు. దేశంలో రంగుల ప్రసారాలు 1982లో గానీ మొదలు కాలేదు. పగలంతా నలుపు తెలుపుల్లో ఆలోచించే ఉద్యోగం, తీరిక దొరికినప్పుడు నలుపు తెలుపుల ఎచింగ్. ఒకదాని వల్ల మరొకటి వచ్చిందనడం తొందరపాటు అవుతుంది. కానీ రంగు లేకుండా ఆకారాన్ని నిలబెట్టే క్రమశిక్షణ రెండు చోట్లా ఒకటే.

ఇంకో పోలిక కూడా గమనించదగ్గది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు చేరవేసిన సైట్ అనే ప్రయోగంలో పాలుపంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తయారైన కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. సేద్యం, ఆరోగ్యం, చదువు గురించి పల్లెకు నగరం పాఠం చెప్పిన సందర్భమది. ఆ ఏళ్లలోనే పల్లెను మరో రకంగా నగరానికి చూపించే ఎచింగ్‌లు హైదరాబాదులో తయారవుతున్నాయి. ఒక దారిలో నగరం నుంచి ఊరికి బోధ వెళ్తోంది. ఇంకో దారిలో ఊరి ఒళ్లు, ఊరి ఆకలి, ఊరి కోరిక గ్యాలరీ గోడల మీదికి వస్తున్నాయి.

తెలుగువారిలో ప్రింట్‌మేకింగ్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చినవారిలో మొదటి పేరు కృష్ణారెడ్డిదే. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చు చిత్రాల కార్యశాలలో ఆయన ఒకే రేకు మీద ఒకేసారి అనేక రంగులు పలికించే పద్ధతిని సాధించారు. సిరాల చిక్కదనంలో తేడా ఉంటే ఒకదాన్ని మరొకటి తోసేస్తుందన్న చిన్న సత్యం ఆ పద్ధతికి పునాది. 2018లో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు. కృష్ణారెడ్డి రేకును శిల్పంలా లోతులుగా చెక్కి రంగుల నీటిని పారించారు. లక్ష్మాగౌడ్ రేకు మీద కథ చెప్పారు. ఒకరు దేశాలు దాటి మాధ్యమాన్ని విస్తరించారు, ఇంకొకరు హైదరాబాదులోనే ఉండి అదే మాధ్యమంతో ఒక జిల్లాను లోతుగా తవ్వారు. కృష్ణారెడ్డి గురించి తెలుగులో రావలసినంత రాయలేదన్నది బాధ కలిగించే విషయం.

ప్రింటు విషయంలో తెలుగు కొనుగోలుదారుడికి ఇప్పటికీ ఒక అనుమానం పోలేదు. ఇన్ని కాపీలుంటే ఇందులో అసలేది అని అడుగుతారు. జవాబు తేలికే. అన్నీ అసలువే. కళాకారుడు ముందే సంఖ్య నిర్ణయించుకుని, ప్రతి కాగితాన్నీ చేత్తో సిరా పట్టించి, తుడిచి, అచ్చు తీసి, అంచున పెన్సిల్‌తో సంతకం చేస్తాడు. 5/20 అని రాసి ఉంటే ఇరవైలో అయిదోది. తర్వాత రేకును గీతలు కొట్టి రద్దు చేయడం మర్యాద. ఒక చిత్రాన్ని ఫొటో తీసి యంత్రం మీద వేలకొద్దీ గుద్దిన పోస్టరుకూ దీనికీ పోలికే లేదు. అయినా కాన్వాసు ముందు కాగితం చిన్నబోతుంది. 1990ల తర్వాత కళాబజారులో డబ్బు పెరిగినప్పుడు ఆ డబ్బు ముందుగా కాన్వాసు వైపే నడిచింది. ఒకప్పుడు బోధనోద్యోగి జీతంతోనూ కొనగలిగిన కళారూపం ప్రింటు. ఆ మెట్టును వదిలేసి నేరుగా పెద్ద కాన్వాసుల వైపు వెళ్లడం వల్ల హైదరాబాదు ఇళ్లు చాలా పోగొట్టుకున్నాయి.

1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ మొదలైనప్పుడు లక్ష్మాగౌడ్ అక్కడికి మారారు. 2001 వరకు బోధించారు, ఆ స్కూలుకు డీన్‌గా పనిచేశారు. సరోజినీ నాయుడు పేరు మీద, ఆమె ఇల్లయిన అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్ నీడలో పెరిగిన ఆ విభాగానికి ఎచింగ్ గదులు, ఆమ్లపు తొట్లు రావడం చిన్న విషయం కాదు. ప్రింట్‌మేకింగ్ ఒంటరిగా చేసుకునే పని కాదు. ప్రెస్సు ఒకటే ఉంటుంది, పదిమంది వాడుకోవాలి. ఒకరు కాగితం తడుపుతుంటే మరొకరు సిరా తుడవాలి. ఈ విద్య నిలవాలంటే గది కావాలి, గదికి సంస్థ కావాలి, సంస్థకు నగరం కావాలి. లక్ష్మాగౌడ్ కన్నా నాలుగేళ్లు చిన్నవాడైన ప్రింట్‌మేకర్ దేవరాజ్ డాకోజీ ఇలాంటి గదులనే వెతుక్కుంటూ ఢిల్లీ గఢీ స్టూడియోలకు, అక్కడి నుంచి న్యూయార్క్ వరకు వెళ్లవలసి వచ్చింది.

తర్వాతి దశలో లక్ష్మాగౌడ్ చేయి ఎన్నో వస్తువుల మీద ఆడింది. గాష్ అనే చిక్కటి నీటిరంగు, పేస్టల్, గాజు వెనుక వేసే రంగు చిత్రం, కాల్చిన మట్టి, కంచు. సుబ్రమణ్యన్ శిష్యుడు మట్టి ముట్టుకోకుండా ఉండడు. ఆ టెర్రకోట ముఖాల్లో ఎచింగ్ గీతలే లోతైన గాట్లుగా తిరిగి వచ్చాయి, వాటిని విడిగా చూడవలసిన అవసరం ఉంది. రంగు చిత్రాలు మాత్రం వేరే సంగతి. అందులోని జంటలు అందంగా ఉంటాయి, నెమ్మదించిన ముఖాలతో పక్కపక్కన కూర్చుంటాయి. పాత ఎచింగ్‌ల్లోని చీకటి అక్కడ పలచబడింది. వయసుతో వచ్చిన శాంతి అనుకోవచ్చు, చూసేవారి ప్రేమ వల్ల వచ్చిన మెత్తదనం అనుకోవచ్చు. ఏదైనా, ఆయన సాధించినదానికి కొలబద్ద 1970ల నలుపు తెలుపు రేకులే. 2016లో వచ్చిన పద్మశ్రీకి అసలు ఆధారం కూడా అవే అనుకోవడం న్యాయం.

ఎక్కడైనా ఆ కాలపు ఎచింగ్ ఒకటి ఎదురైతే బొమ్మకు ఎదురుగా నిలబడితే సరిపోదు. కాస్త పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడే చోటు నుంచి చూడాలి. బొమ్మ చుట్టూ కాగితంలోకి దిగిన నొక్కు కనిపిస్తుంది. రేకు అంచు అక్కడ ఆనింది. లోపల నల్లటి గీతలు కాగితం మీద పరుచుకుని ఉండవు, రవ్వంత ఎత్తుగా నిలబడి ఉంటాయి. మేక వీపు మీద వెంట్రుకలు ఒక్కొక్కటి విడిగా లేస్తాయి. కింద అంచున పెన్సిల్‌తో ఒక అంకె, ఒక పేరు.